అమెరికా ఇవ్వనన్న సూపర్ కంప్యూటర్ కథ: సగమే చెప్తున్నారు!

"అమెరికా సూపర్ కంప్యూటర్ ఇవ్వనంది, మనమే చేసి చూపించాం" అనే రీల్ మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. కథ నిజమే. కానీ రీల్ అయిపోయిన చోటే అసలు సంగతి మొదలవుతుంది.

1980ల్లో రుతుపవనాల అంచనా కోసం మనం అమెరికాని క్రే మెషీన్ అడిగాం. దాంతో అణ్వాయుధాల లెక్కలు కూడా చేసేస్తామేమోనని వాళ్ళ భయం. బోలెడు బేరాలయ్యాక, అడిగినదానికంటే చిన్న మోడల్, క్రే ఎక్స్-ఎంపీ 14 ఇచ్చారు. 1988లో పుణేలో సీ-డాక్ పుట్టింది, విజయ్ భట్కర్ నాయకుడు. 1991కల్లా పరమ్ 8000 రెడీ.

ఎలా చేశారు? క్రే లాంటి ఒక పెద్ద ప్రాసెసర్ జోలికి పోకుండా, చిన్న చిన్న ప్రాసెసర్లని కలిపి, పనిని ముక్కలు చేసి పంచేశారు. ఇవాళ డేటా సెంటర్లలో నడిచేది కూడా దాదాపు ఇదే ఐడియా. దీన్ని జుగాడ్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది అసలు సిసలు ఇంజినీరింగ్.

మరి ఆ చిప్‌లు ఎవరివి? బ్రిటన్‌లోని ఇన్‌మోస్ కంపెనీవి, పేరు ట్రాన్స్‌ప్యూటర్. ఆ చిప్‌ల కథ కొన్నేళ్ళకే ముగిసింది. తర్వాతి పరమ్ 9000 స్పార్క్ చిప్‌ల మీదకి మారింది. కింద ప్లాట్‌ఫామ్ మారితే పైన కోడ్‌కి ఏమవుతుందో, ఒక్క మైగ్రేషన్ ప్రాజెక్ట్ చేసినవాళ్ళని అడగండి, ఏడుస్తూ చెప్తారు!

ఇప్పుడు చైనాకి వద్దాం. 2013లో ప్రపంచంలో నంబర్ వన్ వాళ్ళ తియాన్హె-2. లోపల ఇంటెల్ చిప్‌లు. 2015లో దాని అప్‌గ్రేడ్‌కి కావాల్సిన చిప్‌లు అమ్మొద్దని అమెరికా ఆపేసింది. 2016 జూన్‌లో వూషీలోని సన్‌వే తైహులైట్ నంబర్ వన్ అయింది: 93 పెటాఫ్లాప్స్, 40,960 ప్రాసెసర్లు, అన్నీ చైనా డిజైన్‌వే.

"చూశారా, బ్యాన్ చేస్తే ఏడాదిలో కొట్టారు" అంటారు. కాదండీ! అదే షెన్‌వే చిప్‌ల పాత తరంతో 2011లోనే సన్‌వే బ్లూలైట్ నడిచింది. బ్యాన్ వచ్చేటప్పటికి వాళ్ళ చేతిలో ఏళ్ళ పని ఉంది. మనకి పుణేలో తెలివి తక్కువై కాదు, చిప్ మీద అలా తరం తర్వాత తరం పట్టు వదలకుండా కూర్చోలేదు. నాకు కనిపించే తేడా అదే.

మరి క్వాలిటీ? తైహులైట్‌లో లెక్కల వేగం ఎక్కువ, మెమరీ నుంచి డేటా అందే వేగం తక్కువ. మెమరీని గట్టిగా పరీక్షించే హెచ్‌పీసీజీ టెస్ట్‌లో దాని గరిష్ఠ వేగంలో ఒక శాతం కూడా రాలేదు. జపాన్‌వాళ్ళ పాత కె కంప్యూటర్ అక్కడ దాన్ని దాటేసింది. అలాగని డొల్ల మెషీన్ అనలేం. 2016లో గోర్డన్ బెల్ ప్రైజ్ గెలిచింది దాని మీద నడిపిన వాతావరణ ప్రోగ్రామే.

ఇక మనం? 2023లో మన ఐరావత్‌కి ప్రపంచంలో 75వ ర్యాంక్. లోపల ఎన్‌విడియా జీపీయూలు. ఇంకోపక్క ఐఐటీ మద్రాస్ వాళ్ళ శక్తి ప్రాసెసర్ 2018లో మొహాలీ ఫ్యాబ్‌లో తయారైంది, 180 నానోమీటర్లలో. పాత టెక్నాలజీయే, కానీ డిజైన్ మనది, ఫ్యాబ్ కూడా మనదే. అదే ఫ్యాబ్‌లో 1989లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ కథ మాత్రం నెక్స్ట్ ఎపిసోడ్‌లో.