పచ్చకొండ మీద ఒక రాత్రి: ఒమానోళ్లు కూడా ఒకప్పుడు వలస కూలీలే

డ్యూటీల వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నా.

క్యాంప్ అంటే మనకు గుర్తొచ్చేది లేబర్ క్యాంపే. ఒక రూం, ఎనిమిది మంచాలు, బాత్రూం ముందు లైను. పోయిన జనవరిలో నేను ఇంకో రకం క్యాంప్ చేసిన. రెండు రోజులు లీవ్ దొరికింది. చిన్న టెంటు, రెండు దుప్పట్లు, ఖుబ్బూస్, ఐదు లీటర్ల నీళ్లు సర్దుకొని ఒక్కన్నే జబల్ అఖ్దర్ ఎక్కిన. అరబ్బీలో ఆ పేరుకు పచ్చకొండ అని అర్థం. 2011 నుంచి అది రక్షిత ప్రాంతం.

మస్కట్ నుంచి నిజ్వా దారిలో బిర్కత్ అల్ మౌజ్ వస్తుంది. అక్కడి చెక్‌పోస్ట్ దాటాలంటే ఫోర్‌వీల్ బండి ఉండాల్సిందే. ఒక టాక్సీలో సీటు పట్టుకొని సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న సైఖ్ మైదానం చేరిన. కింద చొక్కాకు చెమట పడితే, పైన పళ్లు కొట్టుకుంటున్నయి. చలికాలంలో ఇక్కడ కొన్ని రాత్రులు సున్నా కిందికి కూడా పోతుంది.

ఈ ప్రశాంతమైన కొండ మీద ఒకప్పుడు యుద్ధం జరిగింది. మస్కట్‌లో సుల్తాన్ పాలన, లోపలి ప్రాంతంలో ఇమామ్ పాలన. చమురు వెతకడం మొదలయ్యాక ఇద్దరికీ పొసగలేదు. 1957లో ఇమామ్ గాలిబ్, ఆయన తమ్ముడు తాలిబ్ తిరుగుబాటు చేసి, ఓడిపోయి, ఈ కొండెక్కి కూర్చున్నరు. సుల్తాన్ తరఫున బ్రిటిష్ విమానాలు పైనున్న ఊర్ల మీద బాంబులు వేశాయి. చివరకు 1959 జనవరిలో బ్రిటిష్ ఎస్ఏఎస్ సైనికులు రాత్రిపూట, ఎవరూ ఎక్కరనుకున్న దారిలో ఎక్కి కొండను పట్టుకున్నరు. నాయకులు సౌదీకి తప్పించుకున్నరు. పెద్దోళ్ల కొట్లాటలో బాంబులు పడ్డది మాత్రం దానిమ్మ తోటల మీద, రైతుల ఇండ్ల మీద.

పొద్దున అల్ ఐన్, అల్ అఖర్, షరైజా ఊర్ల మీదుగా నడిచిన. కొండ అంచున మెట్లుమెట్లుగా మళ్లు. ఏప్రిల్ వస్తే ఇక్కడ గులాబీలు పూస్తాయి, పన్నీరు కాస్తారు. ఆ మళ్లకు నీళ్లు తెచ్చే కాలువను ఫలజ్ అంటారు. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు మీదనే నీళ్లు నడుస్తాయి. ముందు తాగే నీళ్లు, తర్వాత మసీదుకు, స్నానాలకు, ఆ తర్వాతే తోటలకు. ఎవరి వంతు ఎంతసేపో పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి లెక్క కట్టేవాళ్లు. లెక్క చూసేటోన్ని వకీల్ అంటారు. ఒమాన్‌లో ఇలాంటివి ఇప్పటికీ సుమారు 3,000 పారుతున్నయి. 2006లో యునెస్కో అందులో ఐదింటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మైన్ వాటిలో ఒకటి.

చూస్తుంటే నాకు మా ఊరి నీరటి తాత యాదికొచ్చిండు. చెరువు తూము తీసుడు, ఎవరి మడికి ఎంత నీళ్లో చూసుడు ఆయన పని.

మధ్యాహ్నం వాదీ బనీ హబీబ్‌లో దిగిన. లోయలో మట్టి, రాళ్ల ఇండ్లు. పైకప్పులు కూలినయి, తలుపులు ఊగుతున్నయి. జనం పైన కొత్త ఇండ్లు కట్టుకొని వెళ్లిపోయారు. కానీ తోటలు బతికే ఉన్నయి! కాలువ దగ్గర ఒక ముసలాయన మట్టి తోడుతున్నడు. హిందీలో సలాం చెప్పిన. "నువ్వు ఎక్కడ పనిచేస్తవు?" అని అడిగిండు. చెప్పిన. నవ్విండు. "నేను పిల్లగాన్ని ఉన్నప్పుడు బహ్రెయిన్‌లో ఇటుకలు మోసిన" అన్నడు.

నిజమే. 1970కి ముందు ఒమాన్ మొత్తం మీద మూడు బడులు ఉండేవి. పని లేక, మందు లేక వేల మంది కువైట్, బహ్రెయిన్, సౌదీలకు కూలికి పోయారు. 1970 జూలై 23న ఖాబూస్ తన తండ్రిని దించి సుల్తాన్ అయ్యాడు. బయట ఉన్నోళ్లంతా తిరిగి రండని పిలిచాడు. చాలా మంది వచ్చారు. రోడ్లు, ఆస్పత్రులు వచ్చాయి. వాటిని కట్టడానికి మనలాంటోళ్లమూ వచ్చినం.

"ఇల్లు వదిలినవు కదా చాచా, తోట ఎందుకు వదల్లేదు?" అని అడిగిన. "ఇల్లు మళ్లీ కట్టొచ్చు. కాలువ ఒక్కసారి పూడితే ఎవడు తీస్తడు?" అన్నడు.

ఆ రాత్రి టెంటులో నిద్ర పట్టలేదు. చలికి కాదు. నీరటి తాత పోయి ఆరేళ్లయింది. ఆయన కొడుకు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నడు. మరి తూము ఎవరు తీస్తున్నరు? సిగ్నల్ దొరికిన చోటికి నడిచి నాన్నకు ఫోన్ చేసిన. "ఎవరూ లేరు బిడ్డా, ఎవనికి వీలైతే వాడు తీస్తున్నడు. కింది మళ్లకు నీళ్లందక రెండేండ్లాయె" అన్నడు. డబ్బులు పంపుతున్న కానీ, ఈ మాట నేను ఎన్నడూ అడగలేదు.

ఎవరైనా పోవాలనుకుంటే: బతాకా దగ్గర పెట్టుకోండి, ఎక్కడికి పోతున్నరో రూంమేట్‌కు చెప్పండి, వానొచ్చేటట్టుంటే వాదీలో పడుకోకండి. పోలేనివాళ్లు ఒక పని చేయండి. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ చెరువు తూము ఎవరు తీస్తున్నరో అడగండి. జవాబు మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.