నగరానికి మంచినీరు.. మూసీ పల్లెలకు మురుగు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో హైదరాబాద్ ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. భూగర్భ మురుగు కాల్వల పథకంలోనూ ఆయన పాత్ర ఉంది. తర్వాత మంజీర, కృష్ణా, గోదావరి జలాలు నగరానికి తరలివచ్చాయి. మురుగు వ్యవస్థ మాత్రం ఆ వేగంతో విస్తరించలేదు. ఇళ్లకు చేరిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగానే బయటకు వస్తుంది. శుద్ధి కాని నీరు నాలాల మీదుగా మూసీలో కలిసి, పోచంపల్లి, వలిగొండ ప్రాంతాల్లో కత్వల ద్వారా వరి పొలాలకు పారుతోంది. కరవు కాలంలోనూ ఆగని నీరే అయినా, నాట్లు వేసే కూలీల కాళ్లకు దురదలు, పుండ్లు తప్పడం లేదు. 2021లో ప్రభుత్వం 31 శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది. కేంద్రాలు కట్టినంత మాత్రాన సరిపోదు. నాలాల్లోకి పోతున్న ఇళ్ల మురుగును పైపులైన్లతో అక్కడికి మళ్లించాలి, వాననీటికి వేరే కాల్వలుండాలి.