మగ్గాల ఇంట దూది ధూళి: కారణాలు, తగ్గించుకొను విధానాలు

మన సరిహద్దు గ్రామాలలో షోలాపూరుతో చుట్టరికం లేని పద్మశాలి ఇల్లు అరుదు. తెలంగాణ జిల్లాల నుండి తరతరాలుగా తరలివెళ్లిన కుటుంబాలు అచ్చట సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట వంటి తూర్పు పేటలలో స్థిరపడినవి. ఆడపడుచు ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లినవారు ఒక సంగతి గమనించియే ఉందురు. ఉదయం తుడిచిన గూటిపై సాయంత్రానికి తెల్లని పొర పేరుకొని ఉండును. అది మన ఊరి మట్టి దుమ్ము కాదు, దూది ధూళి.

పడుగు దారము పన్నెలో క్షణక్షణము ఒరుసుకొనుట చేత పీచు రాలును. దారమునకు పట్టించిన గంజి ఎండి, పొడియై దానితో కలియును. షోలాపూరు దుప్పటికంటె తువ్వాలు నేతలో పీచు అధికము, ఏలయనగా తువ్వాలుపై దారపు ఉచ్చులు నిలిచియుండును. కండెలు చుట్టు చోట, నేసిన సరుకు కత్తిరించి మడతపెట్టు చోట కూడ ఇదే తంతు. క్రింద మరమగ్గాలు, పైన కాపురము ఉన్న ఇళ్లలో ఆ పీచు మెట్ల వెంట వంటగది వరకు చేరును.

కంటికి కనిపించు తెల్లని పీచు త్వరగా నేలకు దిగును. దానిని చూసి భయపడువారు, కనిపించని సన్నని ధూళిని పట్టించుకొనరు. హాని చేయునది ముఖ్యముగా ఆ రెండవదే. ముడి దూదిలోని ఆకు తునకలు, సూక్ష్మజీవుల శేషములు అందులో ఉండును. నూలు మిల్లులో దూది ఏకు దశలతో పోల్చిన నేతశాలలో ఈ బాధ తక్కువయే. అయినను ఏళ్ల తరబడి పీల్చినవారికి బిస్సినోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. దాని తొలి గుర్తు విచిత్రమైనది: వారపు సెలవు ముగిసి పనిలోకి వెళ్లిన మొదటి దినాననే ఛాతీ బిగిసినట్లుండును, తరువాతి దినములలో తగ్గును. అందుచేతనే దీనిని జలుబు అనుకొని వదలివేయుదురు. ఈ దశలో ధూళికి దూరమైన కోలుకొను అవకాశమున్నది. ముదిరిన పిదప ఊపిరి పూర్వస్థితికి రాదు. పొగ త్రాగువారికి ప్రమాదము మరింత. 1948 నాటి కర్మాగారాల చట్టము దీనిని వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చినది గాని, ఇంట్లోనే రెండు మగ్గాలు నడుపుకొనువారు ఆ చట్టము పరిధిలోనికి రాలేదు. వైద్యునితో దగ్గు సంగతి మాత్రమే కాక, చేయు పని ఏమిటో కూడ తప్పక చెప్పవలెను.

ఇదే పేటలలో ఆడవారి చేతిపని బీడీ. 2006లో కుంభారి వద్ద బీడీ కార్మికులకు 10 వేల ఇళ్ల కాలనీ ఏర్పడినది. ఇల్లు మారినను చేట ఒడిలోనే ఉన్నది. పొగాకు పొడి పరుపులకు, పసిపిల్లల చేతులకు అంటును. చేట విదిలించు చోటు వంటకు, పడకకు దూరముగా ఉండవలెను. బీడీ చుట్టిన చేతులు సబ్బుతో కడుగకుండ బిడ్డను ఎత్తుకొనరాదు.

షోలాపూరు వర్షచ్ఛాయలోని పొడి నేల. వేసవిలో నల్లరేగడి దుమ్ము, వాహనాల పొగ వీటికి తోడగును. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమములో చేర్చిన నగరాలలో ఇదియు ఒకటి.

ఇక చేయదగినవి. పొడి చీపురు మొదటి శత్రువు. అది దిగిన ధూళిని మరల గాలిలోకి లేపును. నీరు చిలకరించి ఊడ్చవలెను, గూళ్లను తడి గుడ్డతో తుడవవలెను. మగ్గాన్ని గాలి కొట్టి శుభ్రపరచు అలవాటు సులువైనదే గాని, ఆ పీచంతయు ఇంటిలోనికే పోవును. అమెరికా 1978లో చేసిన దూది ధూళి నియమములలో ఈ పద్ధతిని సాధ్యమైనంత వరకు మానవలెనని ఉన్నది. పీల్చుకొను యంత్రము కొనలేనివారు కుంచెతో, తడి గుడ్డతో తీయవచ్చును. గాలి కొట్టక తప్పదనుకొన్నచో పిల్లలు ఇంట లేని వేళ, మెట్ల తలుపు మూసి చేయవలెను.

గాలిని బయటకు తోలు పంకా వీధి వైపు ఉండవలెను, పొరుగువారి కిటికీ వైపు కాదు. ఈ విషయములో పేటలలో తగవులు రావడము సహజమే! మెట్ల మొదట మందపాటి తెర కట్టి, దానిని వారమునకొకసారి ఉతుకవలెను. మగ్గము దిగినవారు బట్టలు మార్చుకొనియే పైకి రావలెను. ముఖానికి కట్టుకొను రుమాలు పీచును ఆపును గాని సన్నని ధూళిని ఆపదు. దానికి ఎన్-95 ముసుగు కావలెను.

విద్యుత్ తీగలపై, మీటల పెట్టెలపై, మోటారుపై పేరుకొను పీచు వేరొక అపాయము. చిన్న నిప్పురవ్వ చాలును, అది భగ్గుమనును. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని ఒక తువ్వాళ్ల కర్మాగారములో మంటలు చెలరేగి 8 మంది మరణించిరి. పని ముగిసిన పిదప విద్యుత్తు నిలిపి, పొడి కుంచెతో ఆ పెట్టెలను శుభ్రపరచవలెను; అచ్చట తడి గుడ్డ తగదు. పడుకొను గదికి బయటికి పోవు దారిలో నూలు మూటలు పేర్చరాదు.