పేరుమోసిన పేటలు

ప్రతి పట్టణమునందును చెడ్డపేరు మోయు పేట యొకటి యుండును. చీకటిపడిన పిమ్మట అటు పోవలదని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. ఆ పేటనుండి పనిమనిషి వచ్చినచో ఇల్లాలు గిన్నెలు రెండుమారులు లెక్కించుకొనును. ఊరిలో ఎచ్చట కన్నము పడినను అనుమానము మొట్టమొదట ఆ పేట వాకిటనే నిలుచును. ఆ పేటలో ఎన్నడైన అడుగుపెట్టినవారెందరని ప్రశ్నించినచో మాత్రము జవాబు చెప్పువారు మిక్కిలి తక్కువ. ఈ యపకీర్తి యథార్థమా? యథార్థమేయైనచో దానికి కారణము ఆ నేలయా, ఆ మనుష్యుల పుట్టుకయా, లేక మరియొకటియా? ఇది కేవలము నీతికి సంబంధించిన ప్రశ్న కాదు, చరిత్రకును సంబంధించినది. దీనికి సాక్ష్యములు మన తెలుగుదేశముననే కలవు. వానిని మేము పాఠకులతో గూడి పరిశీలింపదలచితిమి.

మొదట చోడవరము సీమను చూతము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి 2022 సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరిన యీ యూరు, చెరకు పండు పల్లపు భూములకును, మాడుగుల మీదుగా పాడేరునకు పోవు కొండలకును నడుమ నున్నది. ఇచ్చటి పల్లపువారికి ఆ పైనున్న మన్యమనిన తరతరములుగా భయము. ఆ భయమునకు హేతువులు రెండు: ఒకటి జ్వరము, రెండవది ఫితూరి. దొరతనమువారును ఈ భేదభావమునకు చట్టరూప మిచ్చిరి. 1839 సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు సామాన్య న్యాయస్థానముల యధికారమునుండి తొలగింపబడి, గవర్నరుయొక్క ఏజెంటను హోదాతో కలెక్టరు చేతిలో పెట్టబడినవి. నేటికిని మనము వాడు "ఏజెన్సీ" యను మాట అందుండి పుట్టినదే.

జ్వరము మాట విచారింతము. మన్యపుగాలి చెడ్డదనియు, నీరు చెడ్డదనియు పల్లపువారు నమ్మిరి. ఇది మనవారి యజ్ఞానమే యని యనుకొనరాదు. మలేరియా యను ఇటలీ పదమునకును చెడుగాలి యనియే యర్థము. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో ఆ జ్వరమును కలిగించు పరాన్నజీవిని కనుగొనెను. నాటితో గాలికి నింద తప్పినది. మన్యములో జ్వరమున్నమాట అబద్ధము కాదు. ఆ జ్వరముచే జనులు మరణించినమాటయు అబద్ధము కాదు. వారు చెప్పుకొనిన కారణము మాత్రము తప్పు. ఈ భేదమును పాఠకులు మనసునం దుంచుకొనవలెనని మా ప్రార్థన. ఏలయన, ఒక చోటికి చెడ్డపేరు వచ్చినప్పుడు అచ్చట కీడు కలదా యనుట యొక ప్రశ్న. ఆ కీడు దేనివలన కలిగినదనుట మరియొక ప్రశ్న. మొదటిదానికి ఔనని జవాబు చెప్పినంతమాత్రమున రెండవదానికి జవాబు చెప్పినట్లు కాదు.

ఫితూరుల విషయమును నట్టిదే. 1879లో గోదావరి మన్యమునందలి రంపలో పుట్టి విశాఖపట్టణము జిల్లాలోని గొలుగొండ కొండలకు ప్రాకిన తిరుగుబాటునకు కల్లుపై వేసిన పన్నును, రంప మున్సబుదారుని వసూళ్లును ముఖ్యకారణములు. తరువాత 1882 సంవత్సరపు అడవిచట్టముచే పోడు వ్యవసాయమునకు అడ్డంకులు కలిగినవి. గూడెము డిప్యూటీ తహసీలుదారగు బాస్టియన్ అనువాడు రోడ్డుపనికి కొండవారిని పిలిపించి, సరియైన కూలి యీయక బాధించెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజుగారి అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై బడి తుపాకులను, తూటాలను తీసికొనిపోయిరి. 1924 మే 7వ తేదీన కొయ్యూరులో రాజుగారు చంపబడిరి. నాడు దొరతనమువారు ప్రమాదకరమని యెంచిన ఆ కొండలే, 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా ఆయన పేరిట జిల్లాయైనవి. పల్లపువారు కొండవారి స్వభావమని తలచిన కోపము, పన్నును, వెట్టిని, పోడునిషేధమును అనుభవించిన మనుష్యుల కోప మని నేడు పాఠశాలల బాలురును చదువుకొనుచున్నారు.

కొండలకు కలిగిన యపకీర్తి ఇట్లు చాలవరకు తొలగినది. చట్టమే ఒక కులమునకు, ఆ కులము నివసించు ఊరికి అంటగట్టిన యపకీర్తి యంత సులభముగా తొలగలేదు. 1871లో ఉత్తర హిందూస్థానమునకై నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911లో చేసిన క్రొత్తచట్టముచే అది మద్రాసు రాజధానికిని వర్తించెను. ఒక జాతి యంతయు నేరమే వృత్తిగా గలదని ప్రభుత్వము ప్రకటించినచో, ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదు. ఆ జాతివారి పేర్లు పట్టీలో కెక్కును, వేలిముద్రలు తీయబడును, నియమించిన వేళకు హాజరు చెప్పవలెను, అనుమతి లేక ఊరు విడిచినచో శిక్ష. కుటుంబములను తెచ్చి ఒకచోట నిర్బంధించుటకును, పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో నుంచుటకును చట్టమునం దధికారము కలదు. నేరము చేసినట్లు రుజువు కానక్కరలేదు. ఆ జాతియందు పుట్టిన చాలును.

తెలుగుదేశమున ఈ చట్టము భారము మోసినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వారి శాఖల పేర్లనే చూడుడు: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. అమ్మిన సరకును బట్టియో, చేసిన పనిని బట్టియో వచ్చిన పేర్లివి. దొంగతనమును బట్టి వచ్చినవి కావు. సముద్రతీరపు ఉప్పును ఎద్దులమీదను గాడిదలమీదను వేసికొని మెట్టసీమల కమ్మి, అచ్చటి ధాన్యమును మరల తీరమునకు తెచ్చుట ఉప్పు ఎరుకలవారి వర్తకము. తక్కినవారు తట్టలు, బుట్టలు అల్లిరి. స్త్రీలు ఎరుక చెప్పిరి. రోడ్లు, రైళ్లు వచ్చినవి. 1856లో మద్రాసునుండి తొలి రైలు నడచినది మొదలు పెద్ద వర్తకులు ఉప్పును బండ్లకొలది లోపలిసీమలకు పంపసాగిరి. ఉప్పుపై సర్కారువారి గుత్తాధికారము బిగిసినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవులో పశువులు చచ్చినవి. అడవిచట్టముచే వెదురునకును మేతకును నిర్బంధము లేర్పడినవి. ఇట్లు ముప్పది సంవత్సరములలో ఒక జాతియొక్క బ్రదుకుతెరువులు నాలుగును దెబ్బతినినవి. మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథమునందు ఈ క్రమమును విపులముగా నిరూపించిరి. నిన్నటివరకు గ్రామములకు ఉప్పు తెచ్చిన సంచారివర్తకుడు, సరకు లేక తిరుగుట మొదలిడినంతనే అనుమానాస్పదుడయ్యెను.

ఇట్టివారిని కుదుట పెట్టుటకై బాపట్లకును చీరాలకును నడుమ, 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘమువారి యాజమాన్యమున ఒక సెటిల్మెంటు వెలసినది. మద్రాసు గవర్నరుగారి కార్యనిర్వాహకసభలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరిట దానికి స్టూవర్టుపురమని పేరిడిరి. నెల్లూరుసీమలో కప్పరాళ్లతిప్ప, కృష్ణ యొడ్డున సీతానగరము, కర్నూలుసీమలో సిద్ధాపురము ఇట్టివే. స్టూవర్టుపురములో బడి యుండెను, భూమియు కొంత పంచిరి. దానితోబాటు హాజరుపట్టీయు, సెలవు చీటియు నుండెను. చీరాలలోని పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అచ్చటినుండి పోయెడివారు. తక్కిన ఊళ్లు మొదట పుట్టి, పిమ్మట మంచిపేరో చెడ్డపేరో తెచ్చుకొనును. ఈ యూరికి పేరు మొదట వచ్చి, ఇండ్లు తరువాత లేచినవి.

ఇచ్చట పాఠకు లొక యాక్షేపణ చేయవచ్చును. "ఆ యూరినుండి దొంగలు బయలుదేరిన మాట నిజము కాదా?" యని యడుగవచ్చును. నిజమే. అచ్చటి కొందరు కన్నము వేసిరి, దారులు కొట్టిరి, నష్టపడిన కుటుంబముల దుఃఖము కల్పితము కాదు. ఆ దుఃఖమును తక్కువచేసి చెప్పుట సంస్కారము కాదు. అయినను రెండు సంగతులు గమనింపవలెను. ఒక్క యూరిపైననే రేయింబవళ్లు కాపలా పెట్టినచో, పట్టుబడిన దొంగలును ఆ యూరివారే యగుదురు. అట్లు పట్టుబడినవారి లెక్కను చూపి, కాపలా న్యాయమే యని వాదించుట వలయములో తిరుగుట యగును. రెండవది, పట్టీలో పేరున్నవానికి వేరొకచోట పని దొరకదు, ఇల్లు దొరకదు. ఎవడేమి చేసినను నేరము తనపైననే పడునని తెలిసినవానికి నిజాయితీవలన కలుగు లాభమేమి? వానిని దొంగతనమునకు త్రోయుచున్నది రక్తము కాదు; మూసిన తలుపులు.

ఈ సంగతి మనదేశమునకే పరిమితము కాదు. లండను నగరమున తూర్పుపేటలనిన ఒకప్పుడు పెద్దమనుష్యులు గడగడ వణకిరి. చార్లెస్ బూత్ అను ఓడల వర్తకుడు వట్టిమాటలను నమ్మక, వీధివీధికి మనుష్యులను పంపి విచారణ జరిపించి, 1889లో దాని తొలిసంపుటమును ప్రకటించెను. ఆయన పటములో అధమవర్గము నివసించు వీధులకు నల్లరంగు వేసెను. ఆ వర్గమును దుర్మార్గులు, సగము నేరస్థులని ఆయనయు కఠినముగనే పేర్కొనెను. కాని లెక్కించి చూడగా, తూర్పుపేటల జనములో ఆ వర్గమువారు నూటికి ఒకటింపాతికకు మించలేదు. దరిద్రులు మాత్రము నూటికి ముప్పదియైదుగురు. జనులు నేరమని భయపడిన దానిలో హెచ్చుభాగము దారిద్ర్యమని ఆ లెక్క తెలిపినది. మన పేటలకు ఇట్టి లెక్క తీయక పూర్వమే మనము తీర్పు చెప్పుచుందుము.

మద్రాసు రాష్ట్రమున నేరస్థజాతుల చట్టము 1947లో రద్దయ్యెను. అనంతశయనం అయ్యంగారి యధ్యక్షతన 1949లో నియమింపబడిన సంఘము దేశమంతట విచారించి రద్దునకు సిఫారసు చేయగా, 1952 ఆగస్టు 31వ తేదీన కేంద్రచట్టమును తొలగినది. నాటినుండి వారు విముక్తజాతు లనబడుచున్నారు. కాగితముపై విముక్తి కలిగినను, వాడుక నేరస్థుల చట్టములను పేరిట పాత అనుమానము క్రొత్త దుస్తులు తొడుగుకొనినది. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టువారు, జైళ్లలో కులమునుబట్టి పనులు పంచుటను, విముక్తజాతులవారిని పుట్టుకచేతనే వాడుక నేరస్థులుగ నెంచుటను రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పవలసివచ్చినది. చట్టము రద్దై డెబ్బదిరెండేండ్లు గడచిన పిమ్మటి మాట యిది!

చట్టము చేయలేని పనిని కొందరు మనుష్యులు చేసిరి. విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన లవణంగారును, వారి భార్యయు కవి జాషువాగారి కుమార్తెయునగు హేమలతా లవణంగారును 1970వ దశకమునుండి స్టూవర్టుపురమున నేరము విడిచినవారికి బ్రదుకుతెరువు చూపుటకు శ్రమించిరి. వారు ఆ యూరికి నీతులు చెప్పి తిరిగిరాలేదు. అచ్చటి యిండ్లలోనికి పోయి, మాటలాడి, మనుష్యులను పేరుపేరున నెరిగిరి. ఇంతలోనే 1991లో ఆ యూరి పేరు పెట్టుకొని చలనచిత్రములు వెలువడినవి. కొలువునకు పోయిన పడుచువాడు తన యూరి పేరు చెప్పుటకు జంకవలసిన స్థితి ఇట్లు నిలిచిపోవును. వాని తాత పట్టీలో నుండెను. వాని పేరు జనుల నోళ్లలో నున్నది.

కావున మా ప్రశ్నకు మేము చెప్పు జవాబిది. చెడ్డపేరు మోయు పేటలో కీడు ఉండవచ్చును. మన్యములో జ్వరము లేదా? కాని గాలిని నిందించినంతకాలము జ్వరము తగ్గలేదు, దోమను గుర్తించిన పిమ్మటనే నివారణకు సరియైన దారి దొరకినది. పేటను, పుట్టుకను నిందించినంతకాలము నేరమును తగ్గదు. దీపములేని వీధి, బడికి పోని బిడ్డ, పని దొరకని చేతులు, అనుమానమే యాధారముగా పట్టుకొనిపోవు పోలీసు, ఇవియే యచ్చటి దోమలు. నేరము చేసినవానిని, చేసిన నేరమునకై, రుజువుపై శిక్షింపుడు. ఇందులో మాకు సందేహము లేదు. ఆ శిక్షను వాని పొరుగువానికిని, వాని బిడ్డకును పంచిపెట్టుటయే యన్యాయము.

ఈ విషయమున గృహస్థులకు గల యధికారము చిన్నది కాదు. పనికి వచ్చినవారిని ఏ పేటవారని గాక ఏ పని వచ్చునని యడుగుట, ఇల్లు అద్దెకిచ్చునప్పుడు ఊరిపేరు విని తలుపు వేయకుండుట, బడిలో పిల్లవానిని తన బిడ్డప్రక్క కూర్చుండనిచ్చుట మన చేతిలోని పనులు. పిల్లలకు జాగ్రత్త నేర్పవలసినదే. చీకటిదారిని గూర్చి జాగ్రత్త నేర్పుడు; ఆ దారిప్రక్క నివసించు బిడ్డను గూర్చి కాదు. ఆ పేటలో దీపము లేనిచో పురపాలకసంఘమువారికి వ్రాయుడు. ఒక పేటకు చెడ్డపేరు పెట్టుటలో సర్కారుకాగితము ఎంత పని చేసినదో, మన వంటయింటి మాటయు నంతపని చేసినది. సర్కారువారు తమ కాగితమును 1952లో చించివేసిరి. మన మాటను మనమే మానుకొనవలెను.