పులికాట్ కళ్లతో గ్రీసు

గ్రీసు అనగానే మనవాళ్లకు అలెగ్జాండరు, సోక్రటీసు, ఒలింపిక్స్ గుర్తొస్తాయి. బళ్లో మనకు చెప్పిన గ్రీసు క్రీస్తుకు ముందే అయిపోయింది. ఆ తర్వాత అక్కడ ఎవరూ బతకనట్టు సోషల్ పుస్తకం నేరుగా రోముకు వెళ్లిపోతుంది. నేనూ ఆ పుస్తకంలోని గ్రీసును చూడ్డానికే వచ్చాను. జర్మనీలో ఉద్యోగం చేసే రోజుల్లో వేసవి సెలవులకు చౌకగా విమానం టికెట్ దొరికేది ఇక్కడికే. ఏథెన్సులో కొండెక్కి పార్థినాన్ చూశాను, శాంటొరీనిలో తెల్ల గోడల పక్కన ఫొటోలు దిగాను. బాగున్నాయి, అంతే.

ఈ దేశం మీద మనసు పడింది మాత్రం టూరిస్టులు పెద్దగా రాని మిసొలొంఘిలో. పడమటి వైపు చిన్న పట్నం. ఊరి నుంచి తూర్లీద అనే చోటికి ఉప్పునీటి సరస్సు మధ్యగా రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద దిగితే సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే దారిలో ఉన్నట్టే ఉంది. అటూ ఇటూ లోతులేని నీళ్లు, ఒక పక్క ఉప్పు మళ్లు, నీళ్లలో గుంజలు పాతి కట్టిన జాలరి ఇళ్లు. చలికాలమైతే ఫ్లెమింగోలు కూడా. అక్కడి జాలర్లు చేప కడుపులోని గుడ్ల సంచిని చిరగకుండా తీసి, ఉప్పు పట్టించి, ఆరబెట్టి, తేనెమైనంలో ముంచి నిలవ చేస్తారు. పల్చగా కోసి తింటారు. ఎండుచేప తిని పెరిగిన నోటికి అదేం కొత్త కాదు. ధర వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి.

ఆ సరస్సుకు లోతు లేకపోవడమే ఆ ఊరిని కొన్నాళ్లు కాపాడింది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ఆటోమన్ల చేతికి పోయాక గ్రీకులు దాదాపు నాలుగు వందల ఏళ్లు వాళ్ల ఏలుబడిలో ఉన్నారు. 1821లో తిరగబడ్డారు. 1825 ఏప్రిల్‌లో ఆటోమన్ సైన్యం మిసొలొంఘిని ముట్టడించింది. పెద్ద ఓడలు ఆ నీళ్లలోకి రాలేవు, చిన్న పడవల్లో ఊరికి తిండి అందుతూనే ఉండేది. ఈజిప్టు నుంచి వచ్చిన ఇబ్రహీం పాషా అడుగు బల్లపరుపుగా ఉండే పడవలు దించి, సరస్సులోని లంకలను పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. లోపలి జనం గాడిదల్ని, పిల్లుల్ని, ఎలుకల్ని, చివరకు నాచును తిన్నారు. 1826 ఏప్రిల్‌లో, మట్టల ఆదివారానికి ముందు రాత్రి, ఆడవాళ్లూ పిల్లలతో సహా శత్రువుల మధ్య నుంచి బయటికి దూసుకుపోయారు. కొద్దిమందే బతికారు. కదల్లేని ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు క్రీస్టోస్ కప్సాలిస్ అనే పెద్దాయన దగ్గర చేరారు. శత్రువులు చుట్టుముట్టగానే ఆయన మందుగుండుకు నిప్పు పెట్టాడు.

ఇంగ్లీషు కవి బైరన్ రెండేళ్ల ముందు, 1824లో, ఆ ఊళ్లోనే జ్వరంతో పోయాడు. అందుకని యూరప్ చూపు అప్పటికే అటు ఉంది. 1827 అక్టోబరు 20న బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా నౌకలు కలిసి నవరీనో దగ్గర ఆటోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని ముంచేశాయి. 1830లో గ్రీసు స్వతంత్ర దేశమైంది. చచ్చింది మిసొలొంఘి జనం, రాజును ఎంచింది మాత్రం ఆ పెద్ద దేశాలు: బవేరియా రాజుగారి కొడుకు, ఇంకా మైనరు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆ తొలి గ్రీసు ఇప్పటిదానిలో సగం కూడా లేదు. థెస్సలొనీకి 1912లో, క్రీటు 1913లో, రోడ్స్ దీవి 1947లో కలిశాయి. మధ్యలో ఆశ ఎక్కువై, 1919లో గ్రీకు సైన్యం ఇప్పటి టర్కీలోని స్మిర్నాలో దిగి చాలా లోపలికి చొచ్చుకుపోయింది. 1922లో చిత్తుగా ఓడింది. స్మిర్నా తగలబడింది. 1923 జనవరి 30న లోజాన్‌లో రెండు దేశాలూ జనాన్ని మార్చుకునే ఒప్పందం చేసుకున్నాయి.

ఇది మన సరిహద్దు జనానికి వేరేవాళ్లకంటే బాగా అర్థమవుతుంది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు పటాస్కర్ మధ్యవర్తిత్వంతో 1960 ఏప్రిల్ 1న ఊళ్లు మార్చుకున్నాయి. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. గొడవలు జరిగాయి, కడుపుమంట మిగిలింది. కానీ ఎవరి ఇల్లు వాళ్లకుంది. తడలో ఇప్పటికీ రెండు భాషలూ నడుస్తాయి. గ్రీసులో, టర్కీలో మార్చుకున్నది మనుషుల్ని. అదీ భాషను బట్టి కాదు, మతాన్ని బట్టి. టర్కీ భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు ‘సొంతదేశం’ గ్రీసుకు వచ్చారు. గ్రీకు మాట్లాడే క్రీటు ముస్లిములు టర్కీకి పోయారు. ఇస్తాంబుల్ గ్రీకుల్ని, పశ్చిమ థ్రేస్ ముస్లిముల్ని మాత్రం వదిలేశారు. సుమారు 12 లక్షల మంది ఇటు వచ్చారు, మూడున్నర లక్షల పైచిలుకు అటు పోయారు. 1928 జనాభా లెక్కల్లో గ్రీసులో ప్రతి ఐదుగురిలో ఒకరు కాందిశీకులే. రాకెట్ కేంద్రం కోసం దీవి వదిలి వచ్చిన శ్రీహరికోట కుటుంబాలకు ఇదంతా నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేనుండేది ఏథెన్సులో నియా స్మిర్నీ, అంటే కొత్త స్మిర్నా. ఇక్కడి పానియోనియోస్ ఫుట్‌బాల్ క్లబ్బు 1890లో పాత స్మిర్నాలో పుట్టి, 1922లో జనంతోపాటు సముద్రం దాటింది. ఆదివారాలు మెట్ల మీద జీలకర్ర వాసన కొడుతుంది. సుజుకాకియా అని, వెల్లుల్లి, జీలకర్ర దంచి వేసి చేసే కైమా ఉండలు. స్మిర్నావాళ్లు మూటల్లో ఇంకేం తెచ్చుకోలేకపోయినా ఇది తెచ్చుకున్నారు. పై అంతస్తు పెద్దావిడ వాళ్లమ్మ చచ్చేదాకా కలలో టర్కీ భాషే మాట్లాడేదట. ఇక్కడి గ్రీకులు మొదట్లో ఆ వచ్చినవాళ్లను ‘టర్కీ విత్తనం’ అని ఈసడించారు. ఇప్పుడు వాళ్లు తెచ్చిన రెబెటికో పాటను దేశ సంపద అంటున్నారు. 2017లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కించారు.

తర్వాత 1941 చలికాలపు కరువు, అంతర్యుద్ధం, 1967 నుంచి 1974 దాకా సైనికాధికారుల పెత్తనం, 2010 అప్పుల గొడవ ఉన్నాయి. అవన్నీ ఒక్క వ్యాసంలో ఇమిడేవి కావు.

సెలవులకు ఇటు వచ్చే మనవాళ్లకు ఒకటే మాట. పార్థినాన్‌కు ఒక పూట చాలు. ఆ సాయంత్రం సింటాగ్మా దగ్గర ట్రామెక్కి నియా స్మిర్నీలో దిగి సుజుకాకియా తినండి. మర్నాడు ఏథెన్సులో మిసొలొంఘి బస్సెక్కండి. శాంటొరీని ఖర్చులో పావు వంతు కూడా కాదు.