సూరచేప, గాలపుతాడు, మనిషి చేయి

హైదరాబాదు నగరమునకు సముద్రము లేదు. దగ్గరి తీరమైనను దాదాపు 300 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అయినను తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునకు పొరుగున ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో సముద్రపు చేపలకు పెద్ద పద్దే కలదు. ఆ సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పదార్థముల పట్టికలలో 528 పదార్థములు చేరినవి. వానిలో 92 సముద్రపు చేపలే. మనము గొప్పగా చెప్పుకొను ఆకుకూరలు కూడ అందులో అన్ని లేవు. విశ్వవిద్యాలయము 1918లో మొదలైనది. ఈ సంస్థకు మూలమైన బెరిబెరి వ్యాధి పరిశోధనను రాబర్ట్ మెక్కారిసన్ నీలగిరులలోని కూనూరులో ప్రారంభించినదియు ఆ సంవత్సరమే. 1958లో ఆ పరిశోధనశాల కొండ దిగి హైదరాబాదు చేరెను. ఇరుగుపొరుగున ఉన్న ఈ రెండింటి వయస్సు ఒకటే యన్నమాట.

ఆ పట్టికలకెక్కిన చేపలలో సూర ఒకటి. ఇంగ్లీషున ట్యూనా అనునది ఇదియే. నూరు గ్రాముల సూర మాంసములో ఇరువది గ్రాములకు మించి మాంసకృత్తులుండును. బొచ్చెను, రవ్వను కోసి చూచిన విద్యార్థికి ఈ చేప మాంసము మొదట వింతగా తోచును. అది తెల్లగా ఉండదు; మేకమాంసమువలె ఎర్రగా ఉండును. ప్రాణవాయువును పట్టి నిలువచేయు మయోగ్లోబిన్ అను ఎర్రని పదార్థము ఈ కండరములలో మెండు. అంత ప్రాణవాయువు దీనికెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వెదకిన మొదటివారిలో జాన్ డేవీ ఒకడు. ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీకి తమ్ముడు. సైన్యములో వైద్యుడై సింహళమున కొన్నేండ్లు పనిచేసినవాడు. చేపలు శీతలరక్త జీవులని అందరు నమ్ముచున్న కాలములో అతడు ఓడపై అప్పుడే పట్టిన సూరజాతి చేప శరీరములో ఉష్ణమాపకమునుంచి చూచెను. నీటి ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు. చేప కండరము 37 డిగ్రీలు! అనగా మన ఒంటి వేడియే. ఈ సంగతి 1835లో అచ్చైనది. కండరములనుండి వచ్చు వెచ్చని రక్తము, మొప్పలనుండి వచ్చు చల్లని రక్తము పక్కపక్కనే ఎదురెదురుగా ప్రవహించు సన్నని నాళముల జాలమొకటి ఈ చేపలో ఉన్నది. ఆ జాలమును గురించిన శాస్త్రజ్ఞుల వర్ణన కూడ ఆ సంవత్సరముననే వెలువడినది. వేడి మొప్పలదాక పోయి సముద్రము పాలు గాక, జాలములో చేతులు మారి మరల కండరమునకే చేరును.

వెచ్చని కండరము వేగముగ పనిచేయును. కనుకనే సూర ప్రపంచపు మేటి ఈతగాండ్రలో ఒకటి. దానికి ఆగుటయు తెలియదు; నోరు తెరచి ముందుకు ఈదుచుండిననే మొప్పలలోనికి నీరు పోవును, ఆగిన ఊపిరాడదు. ఇట్టి చేప తీరమున వేసిన అలివివలకు చిక్కుట అరుదు. దానిని పట్టవలెనన్న దాని స్వభావమునే ఎరగా చేసికొనవలెను. పారిపోవు దానిని తరుముట దాని స్వభావము. పడవను నడుపుచు, వెనుక తాడు కట్టి, చివర గాలమును చేపపిల్లవలె పరుగెత్తించు పద్ధతి అట్లు పుట్టినది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. పసిఫిక్ దీవులవారు ముత్యపు చిప్పను నున్నగా అరగదీసి, దానికి ఎముకతో గాని చిప్పతో గాని చేసిన కొక్కెమును కట్టి, పరుగెత్తు పడవ వెనుక నీటిపై ఆడించెడివారు. చిప్ప తళతళలాడును, సూర దానిని చిన్న చేప యనుకొనును. ఇనుము ఎరుగని జనుల పనితనమది.

ధనవంతుల వినోదముగా ఈ వేట పేరుపొందినది మాత్రము అమెరికాలో. కాలిఫోర్నియా తీరపు కాటలినా దీవియొద్ద 1898లో చార్లెస్ ఫ్రెడెరిక్ హోల్డర్ 183 పౌనుల సూరను కఱ్ఱతో, దారపు చక్రముతో పట్టెను. ఆ సంవత్సరమే అక్కడ ట్యూనా క్లబ్బు వెలసినది. ఆనాటి చక్రములకు పట్టు సవరించు అమరిక లేదు. చేప పరుగెత్తిన చక్రపు పిడి గిర్రున వెనుకకు తిరిగి వేటగాని వ్రేళ్ళను చితుకగొట్టెడిది. దారమును బొటనవ్రేలి క్రింద తోలుముక్క పెట్టి అదిమి ఆపవలసి వచ్చెడిది. చక్రము లోపలనే ఒరపిడి బిళ్ళలనమర్చి, పిడి తిరుగకుండనే దారము జారునట్లు చేసిన తరువాత గాని వ్రేళ్ళకు రక్షణ చేకూరలేదు. విలియం బోషెన్ అనువాడు 1913లో పెద్ద కత్తిచేపను పట్టినది అట్టి చక్రముతోనే.

ఆ జారుడులో ఏమున్నదో తరగతిలో లెక్కకట్టి చూడవచ్చును. నూరు కిలోల చేప సెకనుకు 5 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. దాని గతిజశక్తి 1250 జౌళ్ళు. చేతికి చుట్టిన తాడు దానిని అర మీటరులో ఆపవలెనన్న సగటున 2500 న్యూటన్ల బలము కావలెను. రెండున్నర క్వింటాళ్ళ బరువు హఠాత్తుగా చేతికి వ్రేలాడినట్లే. అదే తాడును 50 మీటర్లు జారనిచ్చి ఆపిన 25 న్యూటన్లు చాలును. చేప తోకతో గుంజు బలము దీనికి అదనము. శక్తి రెండు చోట్లను ఒక్కటే, దూరమే భేదము.

అటుపిమ్మట ఎరలో వచ్చిన మార్పులలో చమత్కారమైనది స్ప్రెడర్ బార్ అను అడ్డకమ్మీ. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో అమెరికా తూర్పు తీరమున దీనికి ప్రచారము కలిగినది. ఇంచుమించు మీటరు పొడవుగల కమ్మీకి నాలుగైదు దారములు వ్రేలాడును. ఒక్కొక్క దారమునకు వరుసగా రబ్బరు కణవాలు కట్టుదురు. పడవ గంటకు పది పన్నెండు కిలోమీటర్ల వేగమున లాగుచుండ నీరు చిమ్ముచు, బుడగలు లేపుచు ఒక మందయే భయపడి పారిపోవుచున్నట్లుండును. ఇంత మందలో గాలము సాధారణముగా ఒక్కటే. నడిమి దారమున, అన్నిటికంటె వెనుకబడిన కణవాకు దానిని కట్టుదురు. ఏలయన వేటాడు జంతువు గుంపును కాదు, గుంపునుండి జారిన దానిని ఎన్నుకొనును. ఆవుల మందవెంట తిరుగు తోడేలు సంగతి తెలిసిన పల్లెవానికి దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. అయితే కమ్మీని లాగుట తేలిక పని కాదు. నీటి నిరోధము ఇంచుమించు వేగపు వర్గమును అనుసరించి పెరుగును. వేగము రెట్టింపైన లాగుడు నాలుగింతలు. కనుక ఇది బలమైన కఱ్ఱకు, మంచి చక్రమునకు, పెద్ద ఇంజనుకు తగిన పరికరము.

మన ఉత్తరాంధ్ర తీరపు చిన్న పడవలలో ఇట్టి హంగులు కానరావు. ఇక్కడ సూరలలో భేదములు చేసి పిలుతురు. పొట్టపై నిలువు చారలున్నది నామాల సూర. పొడవైన పసుపు రెక్కలున్నది రెక్క సూర. శాస్త్రజ్ఞుల లాటిను పేర్లకంటె ఇవి త్వరగా నాలుకకెక్కును. విశాఖపట్టణము ప్రాంతమున సముద్రపు అడుగు తీరమునకు చేరువలోనే లోతునకు దిగిపోవును. అందుచేత లోతు నీటి చేపలు చిన్న పడవకు కూడ అందుబాటులో ఉండును. తెప్పలకు బదులు ఇంజను బిగించిన ఫైబరు పడవలు వచ్చిన పిదప, ఈ శతాబ్దపు తొలి దశాబ్దములో, విశాఖ, పూడిమడక మత్స్యకారులు గాలపుతాళ్ళతో రెక్క సూరను విరివిగా పట్టజొచ్చిరి. కొందరు పడవ వెంట తాడు లాగుదురు. కొందరు ఎర గుచ్చి చేతితో తాడు వదలుదురు. వారి చక్రము అరచేయి; వారి ఒరపిడి బిళ్ళ అరచేతి చర్మము.

చేప ఎక్కడ దొరకునన్న విషయములో మాత్రము వారికి సహాయము పెరిగినది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికను సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, వాల్తేరు తీరమున వేసవికి ముందు అడుగు నీరు పైకి ఉబికి వచ్చునని చూపెను. ఆ చల్లని నీటితో పోషకములు వచ్చును. వానిని తిని సూక్ష్మమైన మొక్కలు, వానిని తిని చిన్న చేపలు, వాని వెనుక సూరలు. ఈ తర్కమునే తరువాత ఆకాశమునుండి ప్రయోగించిరి. హైదరాబాదున 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము ఉపగ్రహములు పంపిన నీటి ఉష్ణోగ్రతను, పత్రహరితపు జాడలను కలిపి చేపలుండదగిన తావులను తీరమునకు తెలుపుచున్నది. సూరకు ప్రత్యేకముగా నీటి తేటదనమును కూడ లెక్కింతురు. ఇది కంటితో చూచి వేటాడు చేప. బురదనీరు దానికి గిట్టదు. తార్నాకలో చేపను గ్రాములలో తూచినట్లే నగరమునకు ఆవలి కొసన దాని సముద్రమును డిగ్రీలలో కొలుచుచున్నారు. రెండు చోట్లను అల చప్పుడు వినరాదు.

సూరలున్న చోటికి వానిని తిను పెద్దచేపలు కూడ వచ్చును. కొమ్ముకోనాం అట్టిది. ముందుకు పొడుచుకొని వచ్చిన బల్లెము, నూరు కిలోలు దాటు శరీరము; సూరవలె ఒళ్ళంతయు కాక కన్నులను, మెదడును మాత్రము వెచ్చగా ఉంచుకొను జీవి. గాలము ఎవరికొరకు వేసినను దానిని మ్రింగునదెవరో ముందుగా తెలియదు.

2025 జూలై నెల తొలి దినములలో అనకాపల్లి జిల్లా పూడిమడకనుండి నలుగురు మత్స్యకారులు తెల్లవారుజామున ఒక పడవలో వేటకు పోయిరి. వారు వేసిన గాలమునకు పెద్ద కొమ్ముకోనాం చిక్కెను. ఒకడు తాడు పట్టి లాగుచుండగా చేప ఒక్క ఊపున అతనిని సముద్రములోనికి ఈడ్చుకొనిపోయెను. మిగిలిన ముగ్గురు చాలసేపు ఆ చోటనే వెదకి, అతని జాడ కానరాక, ఒడ్డునకు వచ్చి ఊరివారికి కబురు చెప్పిరి.