ఫిజీలో నిలిచినవారు, బర్మానుండి మరలినవారు

మన వంశావళులలో “దేశాంతరము పోయెను” అని వ్రాసి విడిచిన పేరు లచ్చటచ్చటఁ గానవచ్చును. సముద్రయానమును బౌధాయనుఁడు పతనహేతువులలోఁ జేర్చినందున, ఆపై విచారించుట పెద్దలకు రుచింపలేదు కాఁబోలు. అట్లు పోయినవారిలోఁ గొందఱు పరదేశమున నొక ప్రజయై వర్ధిల్లిరి. కొందఱు మరలి వచ్చిరి. ఈ భేదమునకు వారిని గొనిపోయిన శాసనములే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము.

ఫిజీ దీవుల చెఱకుతోఁటలకు 1879 మొదలు 1916 వఱకు మన దేశమునుండి 60,965 మంది కూలీలు పోయిరి. 1903 మొదలు చెన్నపట్టణమునుండియు నోడలు నడచెను. ఆ దారిని పోయిన సుమారు 15 వేలమందిలో విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాలవారును గలరు. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలనైనఁ బంపవలెనని నాఁటి నిబంధన. ఇది ధర్మబుద్ధితోఁ జేసిన యేర్పాటని పొగడఁజాలము. స్త్రీలు చాలనందునఁ దోఁటలలోఁ బుట్టిన కలహములను, హత్యలను 1915లో నచ్చటికిఁ బోయిన ఆండ్రూసు దొర మఱుసటియేఁట లోకమునకుఁ దెలిపెను. అయినను ఆ నలువదిమందివలననే యచ్చట సంసారము లేర్పడినవి. సుమారు 24 వేలమంది తిరిగి వచ్చినను, 1921లో నచ్చటి భారతీయులు 60,634 మంది. కూలీల యోడలు నిలిచిన ముప్పదియేండ్లకు, 1946లో, 1,20,414 మంది. నాఁ డా దేశపు మూలవాసులు 1,18,070 మందియే. తరువాత స్వేచ్ఛగా వచ్చిన గుజరాతీలు, పంజాబీలు కొలఁదిమందియే కనుక, ఈ వృద్ధి ముఖ్యముగా నచ్చటఁ బుట్టిన బిడ్డలదే.

బర్మా కథ వేఱు. 1937 వఱకు నది హిందూదేశములోని రాష్ట్రమే యగుటచే, టిక్కెట్టు కొన్నవాఁ డెల్ల కాకినాడలోనో విశాఖపట్టణములోనో యోడ యెక్కెను. స్త్రీల నింతమందిని గొనిపోవలెనను నిబంధన లేదు. ఇంటివారి నూర విడిచి, రంగూను రేవునందును ధాన్యపుమిల్లులందును పాటుపడి, కొంత రొక్కముతో మరలుటయే మనవారి వాడుక. వారి బిడ్డలు మన యూళ్లలోనే పుట్టిరి, ఇచ్చటి లెక్కలలోనే చేరిరి. 1931లో బర్మాలోని భారతీయులు 10,17,825 మంది. రంగూను జనములో సగమునకు మించి వారే. 1983లో నా దేశమున భారతీయులుగా లెక్కింపఁబడినవారు సుమారు 4 లక్షల 28 వేలు. 1942 నాఁటి యుద్ధమును, 1962 తరువాతి ప్రభుత్వమును వారిని వెడలఁగొట్టినమాట నిజము. తప్పంతయు నోడశాసనముమీఁద మోపము. కాని వేరు పాఱని చెట్టునకు గాలి యెక్కువ గదా!

ఫిజీవారికిని స్థిరత్వము దక్కలేదు. 1987లో సైన్యము రెండుమాఱులు రాజ్య మాక్రమింపఁగా, వేలకొలఁది వలసపోయిరి. తెల్లవారికే యను కట్టుబాటును 1973లో విడిచిన ఆస్ట్రేలియా వారిలోఁ బలువురను జేర్చుకొనెను. 1986లో 3,48,704 మంది యుండఁగా, 2007 నాఁటికి సుమారు 3 లక్షల 13 వేలే మిగిలిరి.

ఓడ యెక్కిన ప్రతికూలికిని నాఁ డొక చీటి వ్రాసిరి. అందుఁ దండ్రిపేరు, ఊరు, జిల్లా, కులము నుండును. ఒక్క పొయ్యిమీఁద వండినది తిని, “జహాజీ భాయి” అని యొండొరులఁ బిలుచుకొన్నవారికిఁ గుల మచ్చట నిలువలేదు గాని, చీటీలు ఫిజీ దస్తావేజుశాలలో నున్నవి. మన వంశావళులలో దేశాంతరము పోయినవాని పేరును, ఊరును దెలిసినవారు మన సంఘకార్యాలయమునకు వ్రాసి పంపుదురు గాక.